గరిటెతో కొలిచిన నీళ్లు: మాల్దీవుల జీవితం

మాల్దీవులు అనగానే నీలి సముద్రం, నీటి మీద కట్టిన ఖరీదైన గదులు గుర్తుకొస్తాయి. ప్రకటనలు చూపించేది అంతవరకే. మేము తరగతిలో ఈ దేశం గురించి చెప్పేటప్పుడు పిల్లల్ని ముందుగా ఒక ప్రశ్న అడుగుతాం. నది లేదు, కొండ లేదు, వరి పండే నేల లేదు. మరి అక్కడివారు ఇన్ని వందల ఏళ్లు ఏం తాగారు, ఏం తిన్నారు?

హిందూ మహాసముద్రంలో సుమారు 1,200 చిన్న చిన్న పగడపు దీవులు కలిస్తే మాల్దీవులు. వాటిలో ఊళ్లున్నవి రెండు వందలలోపే. అక్కడ కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక గనుక ఇది సాధ్యం. ఆ నీటి పొర భూతద్దంలా నడుమ మందంగా, అంచుల్లో పలచగా ఉంటుంది. కాస్త తవ్వితే చాలు, బావి పడుతుంది. ఆశపడి ఎక్కువ తోడితే మాత్రం కింది ఉప్పునీరు పైకి వచ్చేస్తుంది. పొడవాటి కర్రకు చిన్న గిన్నె తగిలించిన ‘ధాని’ అనే గరిటెతో నీళ్లు తోడుకునేవారు. మస్జిద్ బావుల దగ్గర వుజూకు కూడా అదే వాడేవారు.

ఈ దేశం 1153లో ఇస్లాం స్వీకరించింది. 1343లో ఇబ్న్ బతూతా ఇక్కడికి వచ్చి ఖాజీగా పనిచేశాడు. అప్పటి పాలకురాలు సుల్తానా ఖదీజా. ఇళ్ల గుమ్మాల దగ్గర కాళ్లు కడుక్కోవడానికి ఉంచే నీటి కుండనూ, కొబ్బరి చిప్ప గరిటెనూ ఆయన తన యాత్రా గ్రంథంలో ప్రస్తావించాడు. ఇక్కడి గవ్వలు బెంగాల్‌కు వెళ్లి నాణేలుగా చెలామణి అయ్యేవి, బదులుగా బియ్యం వచ్చేవి. మనం ‘చిల్లిగవ్వ లేదు’ అంటామే, గవ్వ డబ్బుగా నడిచిన ఆ కాలపు గుర్తే ఆ మాట.

వంట కూడా ఆ నేలకు తగ్గట్టే ఉంటుంది. ట్యూనా చేప, కొబ్బరి, ఈ రెండే దానికి ఆధారం. ఉప్పునీటిలో చేపను ఉడికించిన చారు ‘గరుధియా’. అన్నంలో పోసుకుని నిమ్మరసం, ఉల్లి, మిరపకాయతో తింటారు. ఆ చారునే గంటల తరబడి మరిగిస్తే ‘రిహాకురు’ అనే చిక్కటి ముద్ద అవుతుంది. అది చాలాకాలం నిల్వ ఉంటుంది. పొద్దున్నే చేప తురుము, పచ్చి కొబ్బరి, ఉల్లి కలిపిన ‘మస్ హుని’ని చపాతీలాంటి ‘రోషి’తో తింటారు. ట్యూనాను వలతో ఊడ్చి పట్టరు. గాలపు కర్రతో ఒక్కొక్కటిగా లాగుతారు. నీటి విషయంలో ఉన్న పొదుపే వేటలోనూ కనిపిస్తుంది.

వెళ్లాలనుకునేవారికి నాలుగు మాటలు. భారతీయులకు అక్కడ దిగాక పర్యాటక వీసా ఉచితంగా ఇస్తారు. రిసార్టుల్లోనే కాక, ఊళ్లున్న దీవుల్లోనూ తక్కువ ఖర్చుతో అతిథి గృహాలు దొరుకుతాయి. అక్కడ నిండైన దుస్తులు ధరించాలి, మద్యం నిషిద్ధం. జుమా వేళ దుకాణాలు మూసేస్తారు. రాజధాని మాలేలో 1658లో పగడపు రాళ్లను చెక్కి, ఒకదానిలో ఒకటి బిగించి కట్టిన హుకురు మిస్కీ తప్పక చూడవలసిన మస్జిద్.

ఇంత పొదుపుగా బతికినా వారికి కష్టం తప్పలేదు. 2004 సునామీ ఎన్నో దీవుల బావుల్ని ఉప్పుమయం చేసింది. 2014 డిసెంబరులో మాలేలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కేంద్రంలో మంటలు చెలరేగి, లక్షమందికి పైగా ప్రజలకు కుళాయి నీరు ఆగిపోయింది. అప్పుడు మన దేశం విమానాల్లో, ఓడల్లో తాగునీరు పంపింది. ఇప్పుడు సముద్రమట్టం పెరుగుతున్నకొద్దీ ఆ పలచని మంచినీటి పొరకే ముప్పు.

ఇది దూరదేశపు కథ మాత్రమే కాదు. మన కోస్తా ఊళ్లలోనూ బోర్లతో అతిగా తోడినచోట ఉప్పునీరు వస్తోంది. పారే నది ఒడ్డున ఉన్నా వుజూకు నీళ్లు వృథా చేయరాదన్న బోధ మనందరం విన్నదే. మన మస్జిద్‌లో, బడిలో, ఇంట్లో కారుతున్న కుళాయి ఒకటి ఉంటే ఈ వారమే బాగుచేయిద్దాం. మిద్దె మీద పడే వానను నేలలోకి ఇంకించే గుంత ఒకటి తవ్విద్దాం. దానధర్మాల్లో అదీ ఒకటే.