పెరట్లో ఎండ లేదని చెట్టు కొట్టకండి!

ఇంటి వెనక సెంటో, సెంటున్నరో జాగా ఉంది. ఒకప్పుడు అందులో వంగ, బెండ బాగానే కాసేవి. పక్కవాళ్లు మేడ మీద మేడ వేశాక ఎండ తగ్గింది. ఏ మొక్క పెట్టినా సన్నగా సాగి, పాలిపోయి, పిందె కట్టకుండానే పోతోంది. నేలంతా పాచి, దోమలు. ఇక లాభం లేదు, చెట్టు కొట్టించి సిమెంటు చేయించేద్దాం అనుకుంటున్నారా? మేస్త్రీకి బయానా ఇచ్చే ముందు ఇది ఒక్కసారి చదవండి.

ఊరికే చెప్పడం లేదు. మూడేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే తగువు. గోదావరి పక్క చిన్న ఊరు మాది. పెరడు ఇరవై అడుగుల లోతు, ఇరవై రెండు అడుగుల వెడల్పు. పడమటి మూల పాత మామిడి చెట్టు. దక్షిణపు గోడ అవతల కొత్తగా లేచిన మూడంతస్తుల మేడ. మామిడి తీయించేస్తే ఎండ వస్తుందని నేను. "చెట్టు కొడితే ఎండొస్తుందేంట్రా? ఆ మేడ కూడా కొట్టిస్తావా?" అని అమ్మ. ఎవరి మాట నిజమో చివరికి ముగ్గుపిండి తేల్చింది.

ముందు నీడను కొలవండి

ఎండ బాగా కాసే రోజు చూసుకోండి. ఉదయం ఎనిమిది, పది, మధ్యాహ్నం పన్నెండు, రెండు, సాయంత్రం నాలుగు గంటలకు నీడ ఎంతవరకు ఉందో ముగ్గుపిండితో గీత గీయండి. పక్కనే గంట రాయండి. సాయంత్రానికి ఏ మూల ఎన్ని గంటలు ఎండ పడిందో తెలిసిపోతుంది. దాన్ని ఒక కాగితం మీద దించుకోండి.

ఒక్కరోజు చూసి ఊరుకుంటే చాలదు. సూర్యుడు ఏడాది పొడవునా ఒకే దారిన నడవడు. డిసెంబరులో దక్షిణానికి బాగా వాలతాడు. మన ప్రాంతంలో ఆ నెల మూడో వారంలో మిట్టమధ్యాహ్నం వేళ కూడా 30 అడుగుల మేడ నీడ ఉత్తరం వైపు 25 అడుగుల దాకా పడుతుంది. మార్చి మూడో వారానికి అదే నీడ 9 అడుగులకు తగ్గుతుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వస్తాడు కాబట్టి మధ్యాహ్నం ఆ మేడ నీడ మన వైపు అసలు పడదు. మళ్లీ సెప్టెంబరు మూడో వారానికి 9 అడుగులకు పెరుగుతుంది. అందుకే డిసెంబరు, మార్చి, జూన్ నెలల్లో మూడుసార్లు గీతలు గీసి చూసుకోవాలి.

మా పెరడు లోతు ఇరవై అడుగులే. డిసెంబరు మధ్యాహ్నం మేడ నీడ పెరడంతా దాటి మా వంటింటి గోడ ఎక్కి కూర్చుంది. చెట్టు ఉన్నా లేకపోయినా చలికాలంలో మాకు మధ్యాహ్నపు ఎండ లేదన్నమాట! చెట్టు కొట్టించి ఉంటే దక్కేది వేసవిలో మండే సాయంత్రపు ఎండ. పోయేవి పచ్చడి కాయలు, వంటింటి చల్లదనం. అమ్మ మాటే నెగ్గింది.

మీ మేడ ఏ దిక్కున ఉందో చూసుకోండి. తూర్పున ఉంటే ఉదయపు ఎండ పోతుంది, ఆకుకూరలకు అది నష్టమే. పడమట ఉంటే సాయంత్రపు ఎండ పోతుంది, వేసవిలో అది మేలు కూడా. ఉత్తరాన ఉంటే పెద్దగా ఇబ్బంది లేదు. ఇంకో సంగతి. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాల్సి రావచ్చు. కొన్ని జాతులకు మినహాయింపు ఉంది. అడగకుండా గొడ్డలి పట్టవద్దు.

కొట్టడం కాదు, కొమ్మలు తీయండి

మామిడికి కాపు అయిపోయాక, జూన్-జూలైలో కొమ్మలు తీసుకోవచ్చు. ముందు ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు, నేలకు వాలినవి తీయండి. తర్వాత నడిమధ్య దట్టంగా ఉన్నవి కొన్ని తీస్తే చెట్టు గుబురులోంచి వెలుగు కిందికి దిగుతుంది. ఒక్కసారే నాలుగో వంతుకు మించి తీయవద్దు. పెద్ద కొమ్మ కోసేటప్పుడు ముందు అడుగు వైపు కొంచెం గాటు పెట్టి, ఆ తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు కాండం బెరడు కూడా చీలుకొస్తుంది. కోసిన చోట బోర్డో ముద్ద పూయండి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా నీళ్లలో కలిపి, ఆ రెండింటినీ కలిపితే మొత్తం పది లీటర్ల ముద్ద అవుతుంది. ఇంట్లో ఒక్క చెట్టుకి అందులో పదో వంతు చాలు. ఇనుప పాత్రలో కలపకూడదు. ప్లాస్టిక్ బకెట్ వాడండి.

నేల సంగతి చూడండి

పక్కన మేడ కట్టినప్పుడు రాలిన సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు మన మట్టిలో కలిసి ఉంటాయి. వాటిని ఏరి పారేయండి. తర్వాత అడుగు లోతు గుంట తీసి నిండా నీళ్లు పోయండి. మర్నాటికి కూడా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ అల్లం, పసుపు నేల మీద పెట్టవద్దు, దుంప కుళ్లిపోతుంది. మేము ఈ పరీక్ష చేయకుండా మొదటి ఏడాది అల్లం పెట్టి, అంతా కుళ్లబెట్టుకున్నాం. అలాంటి నేలలో అరడుగు ఎత్తు మడి కట్టుకుని, నీళ్లు పోవడానికి పక్కన చిన్న కాలవ తీయాలి. మడి అంచుకు పాత ఇటుకలు, పెంకులు చాలు. వెడల్పు నాలుగు అడుగులు మించితే మధ్యకు చెయ్యి అందదు.

మడిలోకి రెండు పాళ్లు మట్టి, ఒక పాలు చివికిన పశువుల ఎరువు, జిగట నేలైతే ఒక పాలు ఇసుక కలపండి. గుప్పెడు గుప్పెడు వేపపిండి చల్లండి. పచ్చిపేడ వేయవద్దు. చెట్టు కింద మాత్రం గునపం వేసి తవ్వవద్దు, బొటనవేలి కన్నా లావు వేరు తెగనివ్వవద్దు. చెట్టు మొదట్లో మట్టి గుట్టగా పోసినా కాండం నానిపోయి తెగులు వస్తుంది. అక్కడ కుండీలు పెట్టుకోవడమే మంచిది.

ఏ చోట ఏది?

నీడ కింద ఏం పండుతుందని అనుకోవద్దు. కోనసీమ కొబ్బరి తోటల్లో కంద, పసుపు, అరటి, కోకో నీడలోనే పండిస్తున్నారు. అరకు కొండల్లో కాఫీ చెట్ల నీడలోనే పెరుగుతోంది. ఆ పద్ధతే మన సెంటు జాగాలోనూ పనికొస్తుంది.

ఐదారు గంటలు ఎండ పడే చోటు ఎంత చిన్నదైనా వంగకు, మిరపకు వదలండి. మా పెరట్లో అది వంటింటి గోడ పక్క నాలుగు అడుగులు. అక్కడ ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకానే కాయగూరలు వేస్తున్నాం.

మూడు నాలుగు గంటలు పడితే తోటకూర, పాలకూర, బచ్చలి, కరివేపాకు, కనకాంబరం పెట్టుకోవచ్చు. కొత్తిమీరకు వేసవిలో ఈ నీడే కావాలి. మల్లె మాత్రం ఇక్కడ ఆకు వేస్తుంది గానీ పూయదు.

కొమ్మల సందులోంచి చుక్కలు చుక్కలుగా ఎండ పడే చోట పసుపు, అల్లం, కంద, చేమ, పుదీనా, పొన్నగంటి, సరస్వతి ఆకు వస్తాయి. తమలపాకు తీగను చెట్టుకే పాకించవచ్చు. మిరియం కూడా అంతే. అయితే పన్నియూరు-1 రకం దట్టమైన నీడలో సరిగా కాయదు, కరిముండ నయం.

ఎండ అసలు పడని గోడ మొదట్లో కూరగాయల కోసం తంటాలు పడకండి. రాలిన ఆకులకు ఎరువు గుంట అక్కడ పెట్టండి. అందం కోసం మొక్కలు కావాలంటే ఫెర్న్, మనీప్లాంటు చాలు. పసిపిల్లలున్న ఇంట్లో వెడల్పాటి మచ్చల ఆకుల డైఫెన్‌బేకియా వద్దు. ఆ ఆకు నమిలితే నోరు, నాలుక వాచిపోతాయి.

నాటే వేళ

కందను మే-జూన్‌లో నాటాలి. కొవ్వూరు ఉద్యాన పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకం దురద పెట్టదు. దుంపను మొలక భాగం ప్రతి ముక్కకూ వచ్చేలా కోసి, పేడ నీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి పెట్టండి. మొక్కకూ మొక్కకూ రెండున్నర అడుగులు వదలాలి.

పసుపు తొలకరికి పెట్టాలి. జానెడు దూరంలో, రెండంగుళాల లోతున. నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున్న మడికి రెండు కిలోల విత్తన పసుపు సరిపోతుంది. పైన ఎండుటాకు పరవండి. జనవరి-ఫిబ్రవరిలో ఆకులు పండి ఎండిపోయాక తవ్వుకోవచ్చు. పచ్చి కొమ్ములు ఉడికించి ఎండబెడితే ఐదు కిలోలకు సుమారు కిలో పసుపు వస్తుంది.

ఇవి మరవద్దు

నీడ పెరట్లో మొక్కలు నీళ్లు చాలక చచ్చేదానికన్నా ఎక్కువై చచ్చేదే ఎక్కువ. రెండంగుళాల లోతున వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ఆ రోజు నీళ్లు మానేయండి. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మడికి పోయవచ్చు. సబ్బు నీళ్లు ఆకుకూరల మీదకు పోనివ్వవద్దు. మరుగుదొడ్డి గుంట దగ్గర తినే మొక్క ఏదీ పెట్టవద్దు.

వానాకాలంలో నత్తలు చేరతాయి. సాయంత్రం తడి గోనెసంచి పరిచి ఉంచితే పొద్దున్నకి దాని కిందకు వస్తాయి. ఏరి ఉప్పునీళ్లలో వేయండి. కుండీల కింద పళ్లాల్లో నీళ్లు నిలవకుండా వారానికి ఒకసారైనా ఒంపేయండి, దోమలకు అదే పుట్టిల్లు.

సిమెంటు చేయిస్తే నేల శుభ్రంగానే ఉంటుంది. కానీ పడిన వాన చుక్క ఇంకకుండా వీధిలోకి పోతుంది, వేసవిలో ఆ గచ్చు వేడి వంటింట్లోకి కొడుతుంది. సిమెంటు ఎప్పుడైనా చేయించుకోవచ్చు, తొందరేం లేదు. మేస్త్రీని నాలుగు రోజులు ఆగమనండి. రేపు ఉదయం ఎనిమిది గంటలకు ముగ్గుపిండి డబ్బా తీసుకుని పెరట్లోకి వెళ్లి మొదటి గీత గీయండి.