బొమ్మ వెనుక బాధ్యత

గోదావరీ డెల్టాలో తీర్థములకు కొదువ లేదు. కనుమనాడు కోనసీమయందలి జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుదీరును. మాఘమాసమున అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణము వైభవముగా జరుగును. పెద్దలు దైవదర్శనమునకై పోవుదురు. పిల్లల చూపులు మాత్రము బారులుతీరిన బొమ్మల అంగళ్లపై నిలిచియుండును. జీళ్లు, ఖర్జూరముల ప్రక్కనే బూరలు, బంతులు, మీట నొక్కినంతనే వెలుగులు చిమ్ము బొమ్మలు వారిని పిలుచుచుండును.

ఇట్టి తీర్థములో ఒక మేనమామ తన రెండేండ్ల మేనల్లునకు వెలుగుల బొమ్మ నొకదానిని కొని యిచ్చెననుకొనుడు. ఆ బొమ్మలోని బ్యాటరీ అరకు మూత యున్నది గాని, దానిని బిగించు మర లేదు. బాలుడు మూతను ఊడదీసి, గుండీవలె మెరయుచున్న చిన్న బ్యాటరీని మ్రింగినాడు. అట్టి బ్యాటరీ గొంతులో చిక్కుకొనినచో రెండు గంటలలోనే లోపలి కండరమును కాల్చివేయగలదు. తల్లిదండ్రులు పరుగున ఆసుపత్రికి కొనిపోయిరి. ప్రాణము దక్కినది, కాని పుండు మానుటకు నెలలు పట్టినది, ఇంటికి అప్పు మిగిలినది.

ఇరుగుపొరుగువారు తల్లిని నిందించిరి. తండ్రి “వాని నుదుట అట్లు వ్రాసియున్నది” అని నిట్టూర్చెను. అంగడివాడు “బొమ్మను నేను చేసితినా?” అనెను. మేనమామ తలవంచుకొని కూర్చుండెను. ఇంతకును తప్పెవరిది? నుదుటి వ్రాతదా? కాదు. మర బిగింపక మూత నమర్చినవానిది. ఈ మాటను లోకము అంగీకరించుటకు చాలకాలము పట్టినది.

1928వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి పైస్లీ పట్టణములో మే డొనొహ్యూ అను పేద స్త్రీకి ఒక స్నేహితురాలు అల్లపు పానీయమును కొనియిచ్చినది. సీసా లోపలి భాగము కానరానిది. కొంత త్రాగిన పిదప అందుండి కుళ్లిన నత్త బయటపడెననియు, తాను జబ్బుపడితిననియు ఆమె వ్యాజ్యము వేసెను. సొమ్ము చెల్లించినది స్నేహితురాలు గనుక ఆమెకును తయారీదారునకును ఒప్పంద మేమియు లేదని ఎదుటి పక్షమువారు వాదించిరి. 1932లో బ్రిటను ప్రభువుల సభ ఆ వాదమును త్రోసిపుచ్చి, వస్తువును తయారుచేయువాడు దానిని వాడువారి క్షేమమును గూర్చి జాగ్రత్త వహింపవలెనని తీర్పు చెప్పెను. తీర్థములో కొన్నది మేనమామ యైనను, గాయపడిన మేనల్లునకు హక్కు కలదనుటకు ఆ తీర్పే మూలము వంటిది.

మన దేశమున ఈ హక్కు వినియోగదారుల రక్షణ చట్టములలో స్థిరపడినది. మొదటి చట్టము 1986లో వచ్చెను. దాని స్థానమున 2019 నాటి చట్టము 2020 జులై 20 నుండి అమలులోనికి వచ్చినది. వస్తువును కొన్నవాడే కాక, అతని సమ్మతితో దానిని వాడువాడును వినియోగదారుడేయని ఈ చట్టము చెప్పుచున్నది. వినియోగదారుడు మైనరు అయినచో తల్లిగాని, తండ్రిగాని, సంరక్షకుడుగాని ఫిర్యాదు చేయవచ్చును. 1998లోనే భారత సుప్రీంకోర్టు ఒక వైద్య వ్యాజ్యములో శిశువుతోపాటు తల్లిదండ్రులును వినియోగదారులేయనియు, వారి మనోవేదనకు సైతము పరిహారము పొందవచ్చుననియు నిర్ణయించినది.

మరి బాధ్యత వహింపవలసినవా రెవరు? తయారీలో లోపమున్నను, రూపకల్పనలోనే లోపమున్నను, వాడుకను గూర్చి తగిన హెచ్చరిక లేకున్నను తయారీదారుడు బాధ్యుడు. తయారీదారు డెవరో తెలియనప్పుడు అమ్మినవాడే ఆ బాధ్యతను మోయవలెను. కావున పేరు, ఊరు లేని బొమ్మను అమ్మినవాడు “నేను చేసితినా?” అని తప్పించుకొనలేడు. అయితే చట్టము ఏకపక్షము కాదు. వస్తువును చెడగొట్టి మార్చినను, చేయరాని రీతిని వాడినను, అమ్మినవాడు ఆ మాట చెప్పుకొనవచ్చును. అందరకును తెలిసిన అపాయమును గూర్చి హెచ్చరింపలేదని తయారీదారుని బాధ్యుని చేయరాదు. రెండేండ్ల బిడ్డ మూత లాగుట దుర్వినియోగము కాదు. అది ఆ వయసునకు సహజము.

బొమ్మలు ఎట్లుండవలెనో ప్రభుత్వము ముందుగానే నిర్ణయించినది. 2019లో భారత నాణ్యతా మండలి మార్కెట్టు నుండి తెచ్చి పరీక్షింపించిన బొమ్మలలో దాదాపు మూడింట రెండు వంతులు పరీక్షలో నిలువలేదు. 2021 జనవరి 1 నుండి పదునాలుగేండ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి యైనది. పదునైన అంచులు, సులభముగా మండు గుణము, రంగులలోని సీసము వంటి లోహములు, పసివారి గొంతులో చిక్కుకొను చిన్న భాగములు మున్నగునవి పరీక్షింపబడును. నమోదైన చేతివృత్తి కళాకారుల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు పొందినవానికి మినహాయింపు కలదు. అంకుడు కఱ్ఱతో చేయు ఏటికొప్పాక బొమ్మలు 2017లో అట్టి గుర్తింపు పొందినవి. వేళ్లు, ఆకులు, గింజల నుండి తీసిన రంగులను లక్కతో కలిపి వానికి పూయుదురు. ముద్ర గల బొమ్మపై నుండు లైసెన్సు సంఖ్య నిజమైనదో కాదో ‘బి.ఐ.ఎస్. కేర్’ అను ఫోను సాధనములో సరిచూచుకొనవచ్చును.

గాయము తగిలిన వెంటనే చేయవలసినది వైద్యము. ఆ తరువాతి పని సాక్ష్యమును భద్రపరచుట. కోపముతో బొమ్మను పొయ్యిలో వేయరాదు, కాలువలో పారవేయరాదు. విరిగిన బొమ్మ, దాని పెట్టె, ఆసుపత్రి కాగితములు, మందుల బిల్లులు, గాయపు ఛాయాచిత్రములు ఒకచోట నుంచవలెను. తీర్థములో రసీదు ఇచ్చువా రరుదు. అయినను ఫోను ద్వారా చెల్లించిన జాడ, చూచినవారి సాక్ష్యము ఉపకరించును.

పిమ్మట జిల్లా వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు చేయవలెను. రాజమహేంద్రవరము, కాకినాడ, ఏలూరు పట్టణములలో ఇట్టి కమిషనులు కలవు. వస్తువు ఎక్కడ కొన్నను, ఫిర్యాదుదారుడు తాను నివసించు ప్రాంతపు కమిషనునే ఆశ్రయింపవచ్చును. వస్తువునకు చెల్లించిన వెల 50 లక్షల రూపాయలు మించనంతవరకు జిల్లా కమిషనే విచారించును. ఆ వెల 5 లక్షల లోపైనచో రుసుము లేదు. ఇచట లెక్కించునది బొమ్మ వెలయే గాని కోరిన పరిహారము కాదు. వంద రూపాయల బొమ్మ లక్షల నష్టము తెచ్చినను బీదవానికి ఆ తలుపు తెరచియే యుండును. ఫిర్యాదు రెండేండ్లలోగా చేయవలెను. అవసరమైనచో కమిషను బొమ్మను ముద్రవేసి ప్రయోగశాలకు పంపును. ‘ఈ-జాగృతి’ ద్వారా ఇంటినుండియే ఫిర్యాదు పంపవచ్చును. 1915 అను సంఖ్యకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

ఇవి గాక మరికొన్ని మార్గములు కలవు. నిర్లక్ష్యమువలన ప్రాణాపాయము కలిగినచో పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చును. సివిలు న్యాయస్థానమున పెద్దవా రొకరు బాలుని పక్షమున దావా వేయవచ్చును. న్యాయవాదిని పెట్టుకొను స్తోమత లేదని వెనుదీయ నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకును, పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయము లభించును. దానికి 15100 అను సంఖ్య కలదు.

ఒక బిడ్డకు పరిహారము వచ్చినంతమాత్రమున పని ముగియలేదు. అట్టి బొమ్మలు ఇంకను ఎన్ని అంగళ్లలో నున్నవో! అందుచేతనే 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడినది. అపాయకరమైన వస్తువులను మార్కెట్టు నుండి వెనుకకు తెప్పించు అధికారము దానికి కలదు. జిల్లా కలెక్టరునకు వ్రాసి యిచ్చినను ఫిర్యాదు విచారణకు వచ్చును.

మొదట చెప్పిన కుటుంబము మిన్నకుండినచో ఏమగును? తల్లి జీవితాంతము తన్ను తాను నిందించుకొనును. మేనమామ మరి యే బిడ్డకును బొమ్మ కొనజాలడు. మర లేని మూతతో అవే బొమ్మలు మరుసటి తీర్థమునకు వచ్చును. వారు విరిగిన బొమ్మను దాచి, ఒక కాగితముపై జరిగినది వ్రాసి యిచ్చినచో, ఆ బాలుని వైద్యపు ఖర్చునకు ఒక దారి ఏర్పడును. తామెన్నడును చూడని మరి యొక తల్లి బిడ్డ గాయపడక నిలుచును.