జల్లెడకు చిక్కనిది

చెడిపోయిన మూత్రపిండాల బదులు రక్తాన్ని వడగట్టే డయాలసిస్ యంత్రం యుద్ధకాలపు కొరతలో పుట్టింది. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో, కాంపెన్ అనే చిన్న పట్టణపు ఆసుపత్రిలో, విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు సాసేజీలకు తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక డ్రమ్ము చుట్టూ చుట్టి, ఆ డ్రమ్మును ఉప్పునీటి తొట్టెలో తిప్పాడు. రోగి రక్తం గొట్టంలో సాగుతుంటే యూరియా అనే మలినం సెల్లోఫేన్ సన్న రంధ్రాలగుండా నీటిలోకి జారిపోయేది. రక్తకణాలు, ప్రోటీన్లు లోపలే ఉండిపోయేవి. మొదట్లో రోగులు ఒకరి వెంట ఒకరు చనిపోతున్నా ఆయన పట్టు వదల్లేదు. 1945 సెప్టెంబరులో స్పృహ కోల్పోయిన 67 ఏళ్ల స్త్రీ ఈ యంత్రం వల్ల కోలుకుంది. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు టెఫ్లాన్ గొట్టాన్ని అమర్చి, అక్కడే ఉంచేశాడు. దాంతో ఆపత్కాలపు చికిత్స ఏళ్ల తరబడి సాగే చికిత్స అయింది. ఆయన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ 11 ఏళ్లు బతికాడు.

రోగులు అలా ఏళ్లపాటు బతకడం మొదలయ్యాకే యంత్రం పూడ్చలేని లోటు బయటపడింది. కోల్ఫ్ యంత్రం మూత్రపిండాన్ని జల్లెడగా చూసింది. మూత్రపిండం జల్లెడ మాత్రమే కాదనడానికి బలమైన సాక్ష్యం ఇన్సులిన్ నిరోధం, అంటే రక్తంలో ఇన్సులిన్ ఉన్నా కండరాలు చక్కెరను తగినంతగా తీసుకోకపోవడం. రాల్ఫ్ డిఫ్రాంజో బృందం రోగుల నరంలోకి ఇన్సులిన్‌ను, చక్కెరను కొలిచి ఎక్కిస్తూ 1981లో ప్రచురించిన పరిశోధనలో లోపం ప్రధానంగా కండరాల్లోనే ఉందని తేల్చింది. కొన్ని వారాల డయాలసిస్‌తో పరిస్థితి గణనీయంగా మెరుగుపడిందని కూడా ఆ బృందం గమనించింది. కాబట్టి మలినాల పాత్ర నిజమే. అయితే అన్ని మలినాలూ యంత్రానికి చిక్కవు. పేగుల్లోని సూక్ష్మజీవుల వల్ల తయారయ్యే పి-క్రెసిల్ సల్ఫేట్ వంటివి రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉంటాయి. ఆల్బుమిన్‌ను దాటనివ్వని పొర వాటిలో చాలా భాగాన్ని కూడా దాటనివ్వదు. ఎలుకలకు ఆ పదార్థాన్ని ఇచ్చినప్పుడు ఇన్సులిన్ నిరోధం ఏర్పడింది. ఇక రక్తంలో ఆమ్లం పేరుకోవడం, విటమిన్ డి చురుకైన రూపం తగ్గడం, ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ కొరతతో వచ్చే రక్తహీనత, విడవని వాపు ప్రక్రియ, కదలిక తగ్గి కండ కరిగిపోవడం, ఇవన్నీ ఒకదాన్నొకటి పెంచుతూ అదే కండరం మీద దెబ్బ తీస్తాయి. పొట్టలోకి ద్రవం నింపే పెరిటోనియల్ డయాలసిస్‌లో నీటిని లాగడానికి వాడే గ్లూకోజే ఒంట్లోకి ఇంకి, భారాన్ని ఇంకాస్త పెంచుతుంది.

ఇదంతా షుగరు జబ్బు ఫలితమే కదా అని ఎవరైనా అడగవచ్చు. షుగరు లేని కిడ్నీ రోగుల్లోనూ ఈ నిరోధం కనిపిస్తుంది కనుక ఆ వాదన నిలవదు. రెండో ప్రశ్న ఇంతకన్నా బలమైనది: కిడ్నీలు చెడ్డాక చాలామందికి ఇన్సులిన్ మోతాదు తగ్గించాల్సి వస్తుంది, షుగరు రీడింగులూ తగ్గుతాయి, మరి నిరోధం ఎక్కడుంది? ఇన్సులిన్‌ను విచ్ఛిన్నం చేసే అవయవాల్లో మూత్రపిండం ముఖ్యమైనది. అది పని మానేస్తే ఇన్సులిన్ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. ఆకలి తగ్గి తిండీ తగ్గుతుంది. పైగా ఎర్రకణాల ఆయుష్షు తగ్గడంవల్ల సగటు చక్కెరను అంచనా వేసే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉన్నదానికన్నా తక్కువ చూపవచ్చు. రీడింగు తగ్గినంత మాత్రాన కండరం మాట విన్నట్టు కాదు. పైగా షుగరు ప్రమాదకరంగా పడిపోయే అవకాశమూ ఉంటుంది. ఇంకా ఎక్కువగా కడిగితే సరిపోదా అన్నది మూడో ప్రశ్న. 2002లో వెలువడిన హెమో అధ్యయనంలో వారానికి మూడుసార్ల డయాలసిస్‌లో మోతాదు పెంచినా మొత్తంమీద మరణాలు తగ్గలేదు. వారంలో 168 గంటలూ పనిచేసే అవయవానికి 12 గంటల వడపోత సాటి రాదు.

ఇది యంత్రాన్ని తక్కువ చేయడం కాదు. కోల్ఫ్ డ్రమ్ము లేకపోతే ఈ చర్చకు ఆస్కారమే లేదు. అయితే యంత్రం దగ్గరే వైద్యం ముగిసిందనుకోవడం మాత్రం పొరపాటు. ఆమ్లాన్ని సరిదిద్దడం, రక్తహీనతకు చికిత్స, తగినంత ప్రోటీన్, శరీరం అనుమతించినంత నడక, ఇవన్నీ చికిత్సలో భాగమే. డయాలసిస్‌లో ఉన్నవారు రీడింగు తగ్గిందని సొంతంగా ఇన్సులిన్ మానకండి, పెరిగిందని సొంతంగా పెంచకండి. ప్రతి మార్పూ మీ డాక్టరును అడిగే చేయండి.