నొప్పిని వయసు ఖాతాలో రాయొద్దు

మెనోపాజ్ తర్వాత కీళ్లు, కండరాలు పెట్టే బాధకు కారణం ఉంది, ఉపశమనమూ ఉంది. ఖరగ్‌పూర్ తెలుగు మహిళలకు ముందుగా తెలియాల్సింది ఆ సంగతే

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1,072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ మించిపోయే దాకా ప్రపంచంలో అదే పెద్దది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లోని బంధువుల ఇళ్లకు రైలెక్కే ఇక్కడి తెలుగు మహిళల్లో యాభై దాటి, కీళ్ల నొప్పులతో వేగుతున్నవారికి మాత్రం అది ఘనతగా కనిపించదు. ఎక్కాల్సిన బోగీ ఆ చివర ఆగిందంటే మోకాళ్లూ మడమలూ మొరాయిస్తాయి. ‘‘వయసు మీద పడింది కదా’’ అన్న మాటతో ఇంట్లో చర్చ ముగుస్తుంది.

నిజానికి అది వయసొక్కటే చేసే పని కాదు. మన దేశంలో మహిళలకు సగటున 46-47 ఏళ్లకే బహిష్టులు ఆగిపోతాయి. పాశ్చాత్య దేశాల్లో అది 51 ఏళ్లు. గర్భసంచి తొలగింపు ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఆ ఆపరేషన్‌లో అండాశయాలనూ తీసేస్తే మెనోపాజ్ రాత్రికి రాత్రే వచ్చేసినట్టు.

అప్పటివరకు ఈస్ట్రోజెన్ చేసే పనుల్లో నెలసరి ఒకటి మాత్రమే. ఎముకలు, కండరాలు, కీళ్లలోని మృదులాస్థి, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులు, అన్నిటికీ దాని అండ ఉంటుంది. వాపును అది అదుపులో పెడుతుంది. ఆ హార్మోన్ పడిపోగానే కండ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది, కీళ్లు పట్టేస్తాయి. అమెరికాకు చెందిన ఆర్థోపెడిక్ సర్జన్ వోండా రైట్, ఆమె సహచరులు 2024లో ఈ లక్షణాలన్నిటినీ కలిపి ‘మెనోపాజ్ కండర-అస్థి సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. మెనోపాజ్ దశలో 70 శాతానికి పైగా మహిళల్లో ఇవి కనిపిస్తాయనీ, నాలుగో వంతు మందిని రోజువారీ పనులు చేసుకోలేని స్థితికి తెస్తాయనీ వారి అంచనా.

అలాగని ప్రతి నొప్పినీ మెనోపాజ్ ఖాతాలో వేయడమూ పొరపాటే. థైరాయిడ్ లోపం, విటమిన్ డి కొరత, రుమటాయిడ్ ఆర్థరైటిస్ కూడా సరిగ్గా ఈ వయసులోనే బయటపడతాయి. తెల్లవారి లేచాక అరగంటకు మించి కీళ్లు బిగుసుకుపోవడం, వేళ్ల కణుపులు వాయడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి ఉంటే వెంటనే పరీక్షలు చేయించుకోవాలి.

డాక్టరుకు చెప్పే మాటకు ఇక్కడే విలువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తరాలుగా ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాల్లో ఇంటి భాష ఇంకా తెలుగే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది కూడా. కానీ నొప్పికి తెలుగులో ఉన్న సలుపు, పోటు, పీకుడు, తిమ్మిరి, మంట, పట్టేయడం అన్నీ డాక్టరు ముందు హిందీ ‘దర్ద్’గానో, బెంగాలీ ‘బ్యథా’గానో కుదించుకుపోతాయి. మెట్లు దిగేటప్పుడు మోకాట్లో పోటుకూ, పాదాల్లో మంట, తిమ్మిరికీ కారణాలు వేరు కావచ్చు, మందులూ వేరు కావచ్చు. తోడుగా వెళ్లే కొడుకో కూతురో ఆ తేడాను విడమరచి చెప్పగలిగితే రోగ నిర్ధారణలో సగం పని అయిపోయినట్టే.

అసలు ప్రమాదం మందుల షాపు దగ్గర మొదలవుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు నాలుగు రోజులకు ఫర్వాలేదు. నెలల తరబడి సొంతంగా మింగితే కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బంధువులున్న వారికి కిడ్నీ జబ్బంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అక్కడి జబ్బుకు మూలం ఇంకా తేలకపోయినా, అనుమానిత కారణాల్లో నొప్పి మాత్రలూ ఉన్నాయి. పేరూ ఊరూ లేని పొడులు మరీ ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్లు కలిపి ఉండొచ్చు.

మరి చేయాల్సిందేమిటి? చాలామంది నమ్మే ‘పూర్తి విశ్రాంతి’ మాత్రం కాదు. కదలకపోతే కండ ఇంకా కరుగుతుంది, కీలు మీద భారం ఇంకా పెరుగుతుంది. వారానికి 150 నిమిషాల నడకతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జిమ్ అక్కర్లేదు. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడను రెండు చేతులతో నెట్టడం, నీళ్ల సీసాలు ఎత్తడం చాలు. మొదటి రెండు వారాలు కాస్త నొప్పి ఉంటుంది. మరుసటి రోజుకు తగ్గకపోతే మోతాదు తగ్గించాలి, మానేయకూడదు.

తిండి సంగతి చూస్తే, మెనోపాజ్ తర్వాత రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు. పాలు, పెరుగు, ముళ్లతో తినే చిన్న చేపలు, ఉత్తరాంధ్ర నుంచి వెంట వచ్చిన చోడి అంబలి ఇందుకు పనికొస్తాయి. సాయంత్రం బెంగాల్ ముఢీ తినేటప్పుడు గుప్పెడు మొలకెత్తిన శనగలు కలిపితే ప్రొటీనూ అందుతుంది.

హార్మోన్ చికిత్స వేడి ఆవిర్లకు బాగా పనిచేస్తుంది. ఎముకల క్షీణతనూ ఆపుతుంది. కేవలం నొప్పుల కోసమే వాడాలనేంత ఆధారాలు మాత్రం లేవు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారికి అది తగదు. నిర్ణయం గైనకాలజిస్టుదే.

రైల్వేలో రిటైరైన ఉద్యోగుల వైద్య పథకంలో చేరిన కుటుంబాల్లో భార్యకూ, భర్త పోయిన మహిళకూ రైల్వే ఆస్పత్రిలో వైద్యం పొందే హక్కుంది. చాలా ఇళ్లలో ఆ కార్డు బయటికి వచ్చేది ఇంటాయన బీపీకో, షుగరుకో. ఈసారి ఆమె మోకాళ్ల కోసం తీయాలి.