మట్టికో బిగువు, తివాచీకో బిగువు

పొడి మట్టి ట్రాకు మీద రిమోట్ బగ్గీ మలుపులో తోక విసురుతుంది. వెనక చక్రాలకు పట్టు దొరకదు, దుమ్ము లేపుకుంటూ పక్కకి జారిపోతాయి. అదే బగ్గీకి టైర్లు మార్చి తివాచీ పరిచిన ట్రాకు మీదకి దింపితే జారడం మాట అటుంచి, మొదటి గట్టి మలుపులోనే పల్టీ కొట్టవచ్చు. మోటారు అదే, బ్యాటరీ అదే, నడిపే చెయ్యీ అదే. మారింది నేల, దానికి తగ్గట్టు టైర్లు.

పల్టీకి కారణం పట్టు ఎక్కువ కావడమే. టైరు నేలని పట్టుకునేది అడుగున, బండి బరువు నిలిచేది అంతకంటే పైన. మట్టి మీద బండి ఒరిగేలోపే టైరు జారి ఆ ఒత్తిడిని వదిలేస్తుంది. తివాచీ అలా వదలదు, కాబట్టి బండే తిరగబడుతుంది. పోటీదారులు దీన్ని ట్రాక్షన్ రోల్ అంటారు.

1:10 కొలతలో చేసిన ఈ ఎలక్ట్రిక్ బగ్గీలు సుమారు ఒకటిన్నర కిలో తూగుతాయి. నేల మారితే ముందు మార్చవలసింది ఏమిటని అడిగితే ఎవరైనా టైరే అంటారు. అది సరైన జవాబే. కానీ గేరుబాక్సు నడుమ మూడు నాలుగు సెంటీమీటర్ల జాగాలో బాల్ డిఫరెన్షియల్ అనే చిన్న యంత్రం ఒకటి ఉంది. రిమోట్‌తో నడిచే ఈ ఆర్‌సీ కార్లలో ఇంతకంటే తెలివైన భాగం మరొకటి లేదు.

క్లాసులో పిల్లలు అడిగే ప్రశ్నతోనే దాని కథ మొదలవుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండింటినీ తిప్పేది ఒకే మోటారైతే ఆ తేడా ఎక్కడ సర్దుకుంటుంది? రెండు చక్రాల్నీ ఒకే ఇరుసుకి బిగించేస్తే ఏదో ఒకటి నేలని ఈడ్చుకుంటూ పోవలసిందే. లారీల్లో, జీపుల్లో ఏటవాలు పళ్లచక్రాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఈ చిక్కు తీరుస్తాయి. ఇంత చిన్న బండికి అదే పొందికను కుదిస్తే పళ్ల మధ్య సందులు, గరగర, అరుగుదల తప్పవు.

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో సెసిల్ షూమాకర్ ఆ పళ్లనే తీసేశారు. రేసింగ్ ఇంజన్లకు పేరుపడ్డ కాస్‌వర్త్‌లో పనిచేసిన ఇంజనీరు ఆయన. 1980 ప్రాంతంలో ఆయన చేసిన ఏర్పాటులో మధ్యన ఒక పెద్ద పళ్లచక్రం ఉంటుంది. దాని ముఖం మీద వరసగా గుండ్రంగా రంధ్రాలు, చాలా బండ్లలో పన్నెండు. ఒక్కో రంధ్రంలో ఒక గట్టి గోళీ. గోళీ ఆ పళ్లచక్రం మందం కంటే కాస్త పెద్దది, అందుకే రెండు వైపులా కొద్దిగా పొడుచుకుని ఉంటుంది. అటొక ఉక్కు రింగు, ఇటొక ఉక్కు రింగు; ఒక్కోటి ఒక్కో వెనక చక్రానికి జోడు. సన్నని స్క్రూ ఒకటి, దానికి తోడున్న స్ప్రింగు, రెండు రింగుల్నీ గోళీల మీదకి అదిమి పెడతాయి.

మోటారు పళ్లచక్రాన్ని తిప్పితే గోళీలు దాంతోపాటే చుట్టూ తిరుగుతూ, రాపిడితో రెండు రింగుల్నీ లాక్కుపోతాయి. తిన్నని దారిలో గోళీ తనంతట తాను దొర్లదు. మలుపులో లోపలి చక్రం వెనకబడగానే దొర్లడం మొదలవుతుంది. రెండు అరచేతుల మధ్య నిమ్మకాయ పెట్టి, ఒక చేతిని ముందుకీ రెండో చేతిని వెనక్కీ జరిపి చూడండి. నిమ్మకాయ ఉన్నచోటే దొర్లుతుంది. ఇక్కడ జరిగేదీ అదే. లోపలి రింగు ఎంత వెనకబడితే బయటి రింగు సరిగ్గా అంత ముందుకి జరుగుతుంది. రెండు చక్రాల వేగాల సగటు ఎప్పుడు చూసినా పళ్లచక్రం వేగమే!

ఇంకో విశేషం. పూర్తిగా రాపిడి మీద ఆధారపడ్డ ఈ యంత్రానికి గ్రీజు పూయాలి. గోళీ రింగుని గీరకూడదు, అలాగని జారిపోనూ కూడదు. అందుకే దీనికి ప్రత్యేకమైన సిలికాన్ గ్రీజు వాడతారు. స్క్రూ వదులైతే రింగులు గోళీల మీద జారి, ఆ వేడికి గోళీలు చదునెక్కుతాయి, రింగుల మీద గాడి పడుతుంది. మరీ బిగిస్తే గోళీలు తేలిగ్గా దొర్లవు, బండి మలుపు తిరగనంటుంది. అనుభవమున్నవాళ్లు ఒక వెనక చక్రాన్నీ మోటారు పక్కనున్న పెద్ద గేరునీ కదలకుండా పట్టుకుని, రెండో చక్రాన్ని బలంగా తిప్పి చూస్తారు. అది జారితే స్క్రూని ఇంకాస్త బిగిస్తారు.

నేల ప్రభావం ఇక్కడే తెలుస్తుంది. పొడి మట్టి ఒక క్షణం పట్టు ఇస్తుంది, మరుక్షణం వదిలేస్తుంది. చక్రాల మధ్య తేడా నిమిషానికి ఎన్నిసార్లు మారుతుందో లెక్కే లేదు. సందుల్లేని గోళీలు ఆ మార్పుకి వెంటనే స్పందిస్తాయి, బండి మెత్తగా నడుస్తుంది. పట్టు బాగా ఉన్న నేల మీద కథ వేరు. బండి ఒరిగినప్పుడు లోపలి చక్రం తేలికై ఊరికే తిరుగుతుంది, మోటారు శక్తి అటే వృథా అవుతుంది. అక్కడ పాత ప్రత్యర్థి, పళ్లచక్రాల డిఫరెన్షియల్, తిరిగి వచ్చింది. ఈసారి దాని పెట్టెలో సిలికాన్ నూనె నింపారు. చక్రాల వేగాల్లో తేడా పెరిగేకొద్దీ నూనె ఎదురు తిరుగుతుంది, బయటి చక్రానికీ వాటా దక్కుతుంది. నీటి చిక్కదనం సుమారు 1 సెంటిస్టోక్ అయితే ఈ నూనెలది వేలల్లో ఉంటుంది. ట్రాకును బట్టి నూనె మారుస్తారు.

టైర్ల సంగతీ అలాంటిదే. చాలా పోటీ టైర్లలో గాలి ఒత్తిడి ఉండదు, లోపల ఫోమ్ ఉంటుంది. వదులు మట్టికి గుచ్చుకునే పొడవాటి ముళ్లు, కృత్రిమ గడ్డికి పొట్టి సన్నని ముళ్లు కావాలి. గట్టిపడిన బంకమట్టి మీద బండ్లు తిరిగేకొద్దీ రబ్బరు అంటుకుని నల్లని మెరుపు చార ఏర్పడుతుంది. దాన్ని బ్లూ గ్రూవ్ అంటారు. అక్కడ ముళ్లు అరిగిన మెత్తని టైరే గెలుస్తుంది. పట్టు పెంచడానికి పంచదార నీళ్లు చల్లే ట్రాకులూ ఉన్నాయి.

మిగతా చరిత్ర వేగంగా నడిచింది. 1979లో జపాన్ కంపెనీ టమియా శాండ్ స్కార్చర్‌తో ఇసుక బగ్గీల మోజు పెంచింది. 1984లో కాలిఫోర్నియా కంపెనీ అసోసియేటెడ్ అల్యూమినియం చాసిస్‌తో ఆర్‌సీ10 తెచ్చింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగిన ఈ బగ్గీల తొలి ప్రపంచ పోటీల్లో టూవీల్ డ్రైవ్ టైటిల్‌ను జే హాల్సీ ఆ బండితోనే గెలిచారు. జపాన్ డ్రైవరు మసామి హిరొసాకా తన కెరీర్‌లో 14 ప్రపంచ టైటిళ్లు సాధించారు.

పాత బగ్గీల్లో మోటారు వెనక ఇరుసు వెనకాల వేలాడేది. వదులు మట్టికి అదే మంచిది, బరువు వెనక చక్రాల మీద పడుతుంది. నేల పట్టు పెరిగేకొద్దీ మోటారు ఇరుసు ముందుకి, బండి నడుమకి వచ్చింది. ఇప్పుడు స్లొవాకియా కంపెనీ ఎక్స్‌రే తన టూవీల్ డ్రైవ్ బగ్గీ ఎక్స్‌బీ2ను మట్టికి ఒక రకం, తివాచీకి ఒక రకంగా అమ్ముతోంది. అంతకుముందు అసోసియేటెడ్ బీ6 కూడా అదే దారిలో వచ్చింది.

కాబట్టి బగ్గీ కొనబోయేవాళ్లు మోటారు వేగం అడిగే ముందు తాము నడపబోయే నేలని చూసుకోవాలి. ఇసుక, దుమ్ము ఉన్న మైదానమైతే బాల్ డిఫరెన్షియల్ ఉన్న బండి తీసుకోండి. తివాచీ ట్రాకైతే నూనె నింపిన డిఫరెన్షియల్ ఎంచుకుని, ఏ నూనె వాడాలో ఆ ట్రాకులో నడిపేవాళ్లని అడగండి.