రెండు బ్రోకరేజీలు కలిస్తే.. వీకెండ్‌లోనే అసలు పరీక్ష!

ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనేసిందంటే సంతకాలు, ఫొటోలు, షేరు ధర... వార్త అక్కడితో అయిపోతుంది. ఐటీ విభాగానికి మాత్రం తలనొప్పి అప్పుడే మొదలవుతుంది. కొన్నది షేర్ల బ్రోకరేజీ సంస్థనైతే మరీనూ!

అమెరికాలో టీడీ అమెరిట్రేడ్‌ను కొంటున్నట్టు ఛార్లెస్ ష్వాబ్ 2019 నవంబరులో ప్రకటించింది. ఒప్పందం విలువ సుమారు 2,600 కోట్ల డాలర్లు. 2020 అక్టోబరుకల్లా కొనుగోలు పూర్తయింది. ఖాతాల బదిలీ ముగిసింది మాత్రం 2024 మేలో. కొనడానికి ఏడాది కూడా పట్టలేదు, కలపడానికి మూడున్నరేళ్లు పట్టింది. ‘ఇంత టైమెందుకు? డేటా కాపీ చేసి పేస్ట్ చేస్తే పోలా?’ అనిపిస్తోందా? ఇంటర్వ్యూలో మాత్రం ఆ మాట అనకండి.

ఎందుకో చూద్దాం. ఒకాయన ఒకే కంపెనీ షేర్లు 2018లో 50, 2021లో మరో 50 కొన్నాడనుకోండి. మొదటివి 100 డాలర్ల చొప్పున, తర్వాతవి 180 చొప్పున. ఇప్పుడు ధర 200. యాభై అమ్మితే పాతవి అమ్మినట్టా, కొత్తవా? పాతవైతే లాభం 5,000 డాలర్లు, కొత్తవైతే వెయ్యే. పన్ను పడేది ఆ లాభం మీదే. కొత్త సిస్టమ్‌లోకి ‘100 షేర్లు’ అన్న అంకె సరిగ్గానే వెళ్లి, కొన్న తేదీలు, ధరలు తారుమారైతే ఆ రోజు ఎవరికీ తెలీదు. స్క్రీన్ మీద అంతా బాగానే కనిపిస్తుంది. నెలల తర్వాత పన్ను లెక్కలు వేసేటప్పుడు బయటపడుతుంది. నష్టపోయేది ఖాతాదారు. ఇక సగంలో ఉన్న ఆర్డర్లు, ప్రకటించి ఇంకా ఇవ్వని డివిడెండ్లు, మార్జిన్ అప్పులు, నామినీ వివరాలు... ప్రతిదానికీ ఇలాంటి కథే.

అందుకే ష్వాబ్ ఖాతాలన్నీ ఒక్కసారి కాకుండా విడతలుగా మార్చింది. పెద్ద విడతకు 2023 సెప్టెంబరులో లేబర్ డే వారాంతాన్ని ఎంచుకుంది. సోమవారం కూడా మార్కెట్లకు సెలవు కదా, ఒక రోజు కలిసొచ్చింది! ఇలాంటి పనిలో శుక్రవారం మార్కెట్ మూసిన దగ్గర్నుంచి మళ్లీ తెరిచే దాకా ప్రతి గంటకూ ప్లాన్ ఉంటుంది. ముందే డమ్మీ రన్లు చేస్తారు. రెండువైపుల లెక్కలూ పైసాతో సహా సరిపోలితేనే గేటు తీస్తారు.

ఇంకో విషయం. కొన్నవాళ్ల సాఫ్ట్‌వేరే నిలవాలని రూలేం లేదు. ష్వాబ్‌కు సొంతంగా స్ట్రీట్‌స్మార్ట్ ఎడ్జ్ ఉండేది. అయినా దాన్ని పక్కనబెట్టి అమెరిట్రేడ్ వాళ్ల థింక్‌ఆర్‌స్విమ్‌నే ఉంచింది. రోజూ ట్రేడింగ్ చేసేవాళ్లు దానికి అంతగా అలవాటుపడ్డారు మరి. తమాషా ఏంటంటే, దాన్నీ అమెరిట్రేడ్ సొంతంగా తయారుచేసుకోలేదు, 2009లో కొనుక్కున్నదే.

మరి ఇందులో ఫ్రెషర్లకు చోటెక్కడ? డేటా మ్యాపింగ్, టెస్టింగ్, రెండు సిస్టమ్‌ల లెక్కలు పోల్చే రీకన్సిలియేషన్, మారిన తర్వాతి వారాల్లో కస్టమర్ సపోర్ట్. కోడింగ్ అదరగొట్టక్కర్లేదు గానీ ఎస్‌క్యూఎల్ మాత్రం చేతిలో ఉండాలి. బీకాం వాళ్లకూ ఇక్కడ మంచి ఛాన్సుంది. ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్-7 పరీక్ష పుస్తకం చదివితే ట్రేడ్ తర్వాత తెరవెనుక జరిగేదంతా అర్థమవుతుంది. చిన్న ప్రాజెక్టు కూడా చేసి చూడండి. కల్పిత ఖాతాలతో రెండు ఫైళ్లు తయారుచేసుకోండి. ఒకదాంట్లో షేరుకు ఎక్స్ఛేంజీ సింబల్, రెండోదాంట్లో ఐఎస్‌ఐఎన్ నంబర్ పెట్టండి. కావాలనే పది తప్పులు దాచి, మీ క్వెరీ ఎన్ని పడుతుందో చూడండి. రెజ్యూమెలో పేరుకు పెట్టే మినీ ప్రాజెక్టు కంటే ఇది నయం.

ఇదే ష్వాబ్ హైదరాబాద్‌లో టెక్నాలజీ సెంటర్ పెడతామని 2024 ఆగస్టులో ప్రకటించింది. కాబట్టి ఈ పని మనకు మరీ దూరమేం కాదు.

అయితే ఒకటి దాచకూడదు. రెండు సిస్టమ్‌లు ఒకటైతే రెండు టీమ్‌లు అక్కర్లేదు. ష్వాబ్ కూడా 2023లో ఉద్యోగాలు తగ్గించింది. విలీనం ప్రాజెక్టులో ఆఫర్ వస్తే జీతంతో పాటు ఇంకొకటీ అడగండి: ‘పాత సిస్టమ్ ఆపేశాక ఈ టీమ్‌ను ఎక్కడికి పంపుతారు?’ హెచ్‌ఆర్ వాళ్లేమీ తప్పుగా అనుకోరు.