నీడలోని రంగు

మిట్టమధ్యాహ్నవేళ సున్నము వేసిన గోడపై పడిన నీడను ఎన్నడైన నిదానించి చూచితిరా? బాలురకు చిత్రలేఖనము నేర్పునప్పుడు నీడ యనగానే నల్లరంగు చూపింతుము. కాని ఆ నీడలో నీలిమ కలదు. ఎదుటి వస్తువుల ఛాయయు కలదు. ఈ సత్యమును ఐరోపా చిత్రకళకు గట్టిగా బోధించినవానిలో ఉత్తరాఫ్రికా ఎండ యొకటి.

పందొమ్మిదవ శతాబ్దమున మొరాకో, అల్జీరియా, ఈజిప్టు, తుర్కీ దేశముల దృశ్యములను చిత్రించిన ఐరోపావారిని ఓరియంటలిస్టులందురు. వారిలో యూజీన్ దెలక్రువా అగ్రగణ్యుడు. 1832 జనవరిలో ఆయన ఫ్రెంచి రాయబారమువెంట టాంజియరు రేవున దిగెను. తెల్లని వస్త్రములు కప్పుకొన్న అచ్చటి ప్రజలను చూడగా, ప్రాచీన రోమనులే ఎదుట నడచుచున్నట్లు ఆయనకు తోచెను. త్వరత్వరగా గీచిన బొమ్మలు, వాని ప్రక్కన వ్రాసికొన్న రంగుల పేర్లు గల ఆయన నోటుపుస్తకములు నేటికిని నిలిచియున్నవి.

తిరుగు ప్రయాణములో అల్జీర్సు నగరమున కొద్ది దినములు మాత్రమే ఆగెను. ఆ నగరమును ఫ్రెంచి సేన 1830లోనే ఆక్రమించియుండెను. చిత్రకారునకు దారి తెరచినది ఫిరంగి యన్న మాట మరువరాదు. 1834లో ప్రదర్శింపబడిన ‘అల్జీర్సు స్త్రీలు’ చిత్రమున ఎడమవైపునుండి వచ్చు వెలుగు పట్టువస్త్రములపై జారి, గది లోతులకు పోవుకొలది మెత్తబడును. ఎరుపు ప్రక్కనున్న ఆకుపచ్చ రెండింటికిని ప్రాణము పోయును. నీడలు సైతము రంగులే. అదే విషయమును ఆయన 1849లో మరల చిత్రించెను. ఆ నడుమ ఆయన ఆఫ్రికాకు పోలేదు. ఈసారి స్త్రీలు దూరమునకు జరిగిరి, చీకటి చిక్కబడెను. నాకు ఈ రెండవదియే ఎక్కువ నచ్చును. ఇందులో కనబడునది గది కాదు, పదునేడేండ్ల జ్ఞాపకము.

జాఁ లియోఁ జెరోమ్ మార్గము వేఱు. సుమారు 1879లో ఆయన రచించిన ‘పాములవాడు’లో నీలిపలకల గోడ అద్దమువలె మెఱయును, కుంచె జాడయే కానరాదు. ఆ పలకలకు మూలము ఇస్తాంబులులోని తోప్‌కాపీ రాజప్రాసాదము. ఆ గోడముందు దిగంబర బాలుడు కొండచిలువను చుట్టుకొని నిలుచుట చిత్రకారుని కల్పన. పలక నిజము గనుక కథయు నిజమని చూపరి నమ్మును. ఎడ్వర్డ్ సయీద్ 1978లో ప్రకటించిన ‘ఓరియంటలిజం’ గ్రంథమునకు ఈ చిత్రమే ముఖపత్రమైనది. ఈ నున్నదనమే చూపరిని నమ్మించు ఉపాయమని 1983లో లిండా నోక్లిన్ విమర్శించెను.

ఇక గుస్తావ్ గియోమే. అల్జీరియాకు పలుమార్లు పోయి, అచ్చటి ఎండను ఓపికతో చూచినవాడు. 1867 నాటి ఆయన ‘సహారా’ చిత్రమున అంతఃపురము లేదు, కథ లేదు. ముందు ఒక ఒంటె కళేబరము. వెనుక ఇసుక, ఆకాశము కలిసిపోవు పలుచని వెలుగు. ఆ అంచున చుక్కలవలె ఒక బిడారు. అది వచ్చుచున్నదో, పోవుచున్నదో, లేక ఎండమావియో చెప్పుట కష్టము.